తాళం ఉంది, తలుపు లేదు

తాళం వేసింది మీరు. ముందు ఆ మాట ఒప్పుకోండి, తర్వాత కథ వినండి.

ఆడవాళ్ళ మరుగుదొడ్డికి బయటినుంచి తాళం బిగించి, చెవి ప్యాంటు జేబులో వేసుకుని తిరిగే పెద్దమనుషుల్లారా, మిమ్మల్నే అంటున్నాను. మీకు మైకు దొరికితే చాలు, "స్త్రీ సహజంగా నేరం చేయదు, ఆమె మనసు వెన్న" అంటారు. వెన్నా కాదు, మీ బొందా కాదు. నేరం చేయాలంటే ముందు మనిషి కదలాలి. గడప దాటాలి. ఎక్కడికెళ్ళావ్, ఇంతసేపేం చేశావ్ అని అడిగేవాడు లేకుండా కాసేపు ఉండాలి. ఆ కాసేపు ఆమెకు ఎప్పుడిచ్చారు మీరు? పిల్లాడు గోడ దూకితే "మగపిల్లాడు కదా" అని నవ్వుతారు. అదే ఈడు పిల్ల కిటికీలోంచి తొంగిచూస్తే రెక్కలు మూస్తారు. చివరికి జైళ్ళలో ఆడవాళ్ళు తక్కువున్నారని మురిసిపోతారు. మనిషిని గదిలో పెట్టి తాళం వేసి, ఎంత బుద్ధిగా ఉందో చూడండి అని ఊరంతా చెప్పుకున్నట్టుంది.

సరే, కథలోకి పదండి.

అదొక చొక్కాల ఫ్యాక్టరీ. పొడవాటి హాలు, వరసగా కుట్టుమిషన్లు, గాల్లో నూలు దుమ్ము. అక్కడ చొక్కా మొత్తం కుట్టే మనిషి ఒక్కరూ లేరు. ఒకామె పొద్దుట్నించి సాయంత్రం దాకా కాలర్లే కుడుతుంది, ఇంకొకామె చేతులే అతుకుతుంది. మరొకామె కాజాలే తీస్తుంది. పిలుపులు కూడా అలాగే స్థిరపడ్డాయి: కాలర్ పిన్ని, చేతుల వదిన, కాజాల అక్క. మన కథ అందరూ జేబు అని పిలిచే ఆమెది. పెళ్ళినాటినుంచీ జేబులు కుడుతూనే ఉంది. ఊళ్ళో సగం మంది మగాళ్ళు తమ గుండెల మీద ఆమె కుట్టు మోసుకుని తిరుగుతున్నారు. ఆమె బట్టలకు మాత్రం ఒక్క జేబూ లేదు.

వాళ్ళ నెత్తిన సూపర్‌వైజరు. అందరూ అతణ్ణి గడియారం అంటారు, ముఖం కంటే చేతి గడియారమే ముందు కనిపిస్తుంది కాబట్టి. మరుగుదొడ్డి తాళంచెవి అతని దగ్గర. కావాలంటే లేచి, హాలంతా దాటి, అతని ముందు నిలబడి అడగాలి.

"మళ్ళీనా?" అంటాడు, హాలంతా వినబడేట్టు. "నీళ్ళు తగ్గించమ్మా, నీళ్ళు. ఇది ఫ్యాక్టరీయా, చలివేంద్రమా?"

దాంతో ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేశారు. కాలర్ పిన్నికి నడుంనొప్పి పట్టుకుంది, కాజాల అక్కకి మంట. ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోతే, "నీళ్ళు బాగా తాగండి" అన్నాడాయన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని అక్కడే పడీపడీ నవ్వారట.

ఒక పొద్దున గడియారం వచ్చి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. గొళ్ళెంతో సహా గుమ్మానికి వేలాడుతోంది. తలుపు లేదు. తలుపుండాల్సిన చోట పువ్వుల తెర ఉంది, అంచు ముచ్చటగా మడిచి కుట్టిన తెర. గడియారం తాళాన్ని లాగి చూశాడు, ఊడలేదు. జేబు తడుముకుంటే చెవి చెవిలాగే ఉంది.

"తాళం ఉంది, చెవి ఉంది, తలుపేదిరా నాయనా!" అని ఒక్క కేక పెట్టాడు.

దాచేదేముంది, తలుపు ఊడదీసింది ఆ హాల్లో ఆడవాళ్ళే. ఎలా తీశారంటారా? వాళ్ళకు తెలిసిన పద్ధతి ఒక్కటే, చొక్కా కుట్టే పద్ధతి. సూది మార్చుకోవడానికి ప్రతి మిషను దగ్గరా స్క్రూడ్రైవరు ఉంటుంది. తాళంచెవి దొరికినప్పుడల్లా ఒకామె స్క్రూడ్రైవరు బట్టల్లో దాచుకుని వెళ్ళి, తన వంతు స్క్రూ విప్పి, ఊడిపోకుండా దానికి దారం చుట్టి మళ్ళీ రంధ్రంలో దూర్చి వచ్చేది. కాలర్ పిన్ని పొడగరి కాబట్టి పై బందు ఆమెది. జేబు పొట్టి కాబట్టి కింద బందు. గొళ్ళెం కాజాల అక్కది. ఆఖరి సాయంత్రం చేతుల వదిన బట్ట తానులు తోసే బండి తెచ్చింది. దారాలు పీకేసి, తలుపును తానుల కింద పడుకోబెట్టి, గడియారం కళ్ళముందే తోసుకుపోయి, ఇస్త్రీ మూలన రెండు స్టూళ్ళ మీద పరిచి, పైన దుప్పటి కప్పేశారు.

ఎవరి పని వాళ్ళు చేశారు. పక్కామె తన ముక్క ఎలా చేసిందని ఎవరూ అడగలేదు. కాలర్ కుట్టే మనిషికి కాజా సంగతెందుకు? ఆ మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచేది అదే.

ఇస్త్రీ మూల జేబు మొగుడిది. మనిషి తాటిచెట్టంత, మీసాలు రెండు గుప్పెళ్ళు, అందుకే అందరూ అతణ్ణి మీసాలు అనే పిలుస్తారు. గుండె మాత్రం కోడిపిల్లది. ఇంట్లో బొద్దింక కనిపిస్తే మంచమెక్కి పెళ్ళాన్ని పిలుస్తాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఎవరూ అతనికి చెప్పలేదు. కొత్త బల్ల చూసి, "ఎవరేయించారో గానీ మంచి చెక్క" అని మెచ్చుకుని ఇస్త్రీ మొదలెట్టాడు.

మేనేజరు వణికిపోయాడు. తాళం ముట్టకుండా తలుపెత్తుకుపోయే ముఠా రేపు మిషన్లెత్తుకుపోదా అని పోలీసులకు ఫోను కొట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెంట ఒక కానిస్టేబులు, పరీక్షలకు చదువుతున్నవాడు, చంకలో ఎప్పుడూ పుస్తకమే. ఒక లేడీ కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరు గుమ్మం చూశాడు, తాళం చూశాడు, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి టీ గ్లాసు దానిమీద పెట్టి ప్రకటించాడు.

"కనీసం నలుగురు మగాళ్ళు. ఒకడు తాళాల్లో చెయ్యి తిరిగినవాడు. లారీ వాడారు."

"సార్, హాల్లో ఆడవాళ్ళని అడగమంటారా?" అంది లేడీ కానిస్టేబులు.

"వాళ్ళనెందుకమ్మా భయపెట్టడం. చూడు, పాపం తలలు కూడా ఎత్తట్లేదు."

తలలు ఎత్తకపోవడానికి కారణం వేరే. అందరూ నవ్వాపుకుంటున్నారు.

ఆ హాల్లో మగాళ్ళెవరు? మేనేజరు, గడియారం, నడవలేని ముసలి వాచ్‌మన్, మీసాలు. ఇన్‌స్పెక్టరు మీసాలు చూశాడు, బుజాలు చూశాడు, ఇంకేం చూడక్కర్లేదనుకున్నాడు. దుప్పటి కింద తలుపు నోరెత్తలేదు. మీసాల్ని జీపెక్కించారు.

అప్పుడు జేబు నవ్వాగిపోయింది.

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కి పరిగెత్తింది. లాకప్ ఊచల వెనక మొగుడు కాళ్ళు జాపుకుని కూర్చున్నాడు. పక్కన ఒక సైకిళ్ళ దొంగ అతని కాళ్ళు పిసుకుతున్నాడు.

"ఏంటయ్యా ఇది? కొట్టారా?"

"కొట్టలేదే. మర్యాదగా అడిగారు. 'ఒక్కడివే ఎత్తావా?' అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ అడగడంలో ఏదో ఉందే. 'ఒక్కణ్ణే' అన్నాను."

"ఒప్పేసుకున్నావా? చెయ్యని పనిని?"

"మెల్లగా మాట్లాడు, వింటారు." మీసాలు మెలేశాడు. "ఇక్కడందరూ అన్నా అంటున్నారు. నిన్నటిదాకా నన్నెవడైనా అన్నా అన్నాడా? ఆడవాళ్ళ మధ్య చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవాడు అనేవాళ్ళు. ఇప్పుడు చూడు."

"వదినా, అన్న మామూలు మనిషి కాదు," అన్నాడు సైకిళ్ళ దొంగ. "తాళం ముట్టకుండా తలుపు! నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నా, ఇప్పటికీ తాళం పగలగొట్టాల్సిందే."

"నువ్వు నోర్మూసుకుని కాళ్ళు పట్టు." జేబు మొగుడివైపు తిరిగింది. "మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తారట. జైలంటే ఏంటో తెలుసా నీకు?"

"మగాడన్నాక జైలూ గియిలూ..."

ఆ ముక్క పూర్తికాలేదు. గోడ మూలనుంచి ఒక బొద్దింక బయల్దేరింది. ఒక్క గంతులో ఊచలు పట్టుకుని పైకి పాకేశాడు మీసాలు. "ఏమే! ఏమే! అటు చూడవే!"

జేబు చెప్పు తీసి, ఊచల సందులోంచి చెయ్యి పోనిచ్చి, ఒక్క దెబ్బ వేసింది. సైకిళ్ళ దొంగ ఒకసారి అన్నని చూశాడు, ఒకసారి వదినని చూశాడు. కాళ్ళు పిసకడం ఆగిపోయింది.

మీసాలు మెల్లగా దిగాడు. "జైల్లో ఇవి ఎక్కువుంటాయంటావా?"

"బోలెడు."

"ఇప్పుడు కాదంటే నవ్వుతారే. ఎలాగే?"

ఆమెకు అరవాలనిపించింది, నవ్వాలనిపించింది. కానీ అతను ఇంకా ఊచలు వదల్లేదు, గోడ మూలకేసే చూస్తున్నాడు. "నువ్వు గమ్మునుండు. నేను చూస్తా," అని తిన్నగా ఇన్‌స్పెక్టరు బల్ల ముందుకెళ్ళి నిలబడింది.

"సార్, తలుపు తీసింది నేను. మా ఆయన్ని వదిలేయండి."

ఇన్‌స్పెక్టరు లేచి కుర్చీ వేయించాడు. టీ చెప్పాడు. "కూర్చోమ్మా. భర్తంటే ఎంత ప్రేమ! చూశారయ్యా, ఇదీ ఆడమనసంటే."

"ప్రేమ సంగతి ఇంట్లో చూసుకుంటాం సార్. తలుపు నేను తీశాను."

"ఎవరు చెప్పమన్నారమ్మా ఇలా? అత్తగారా?"

"ఎవరూ చెప్పలేదు."

"పోనీ ఎవరు చెయ్యమన్నారు? అన్నా? తమ్ముడా? ఎవడో ఒక మగాడు ఉంటాడు కదా వెనకాల."

"వెనకాల మిషనుంటుంది సార్, కాజాల అక్కది."

చదువుకునే కానిస్టేబులు పుస్తకంలోంచి తలెత్తాడు. "సార్, ఆడవాళ్ళు నేరాలు తక్కువ చేస్తారు. ఇందులో ఉంది."

"ఎందుకు తక్కువో ఉందా అందులో?" అంది లేడీ కానిస్టేబులు.

"అది సిలబస్‌లో లేదు."

"నేను చెప్పనా? మా తమ్ముడు స్కూలెగ్గొట్టి సినిమాకి పోయేవాడు, మామిడికాయలు దొంగిలించేవాడు, పోలీసొస్తే ఎటు పరిగెత్తాలో నాకంటే వాడికే బాగా తెలుసు. వాడు ఇవన్నీ నేర్చుకునే వేళకి నేను అంట్లు తోముతున్నా. నన్ను రోడ్డు మీద ఊరికే నిలబడనిస్తే కదా దొంగతనం వచ్చేది."

"ఏంటమ్మా, దొంగతనం రాలేదని బాధా నీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దొంగతనం వచ్చినామె తనే వచ్చి చెప్తుంటే మీరు టీ ఇస్తున్నారని బాధ సార్. ఆ మీసాలాయనకి ఎవరన్నా టీ ఇచ్చారా?"

ఇన్‌స్పెక్టరుకి చిర్రెత్తింది. జేబువైపు తిరిగాడు. "సరే తల్లీ. నువ్వే తీశావంటావు కదా. పద. నా కళ్ళముందు ఇంకో తలుపు తియ్యి. తీస్తే నీ మొగుణ్ణి వదిలేస్తా. తియ్యలేకపోతే నోరు మూసుకుని ఇంటికి పోవాలి, అతను కోర్టుకి పోవాలి."

"పదండి," అంది జేబు. అనేశాక గానీ తను తీసింది కింద బందు ఒక్కటేనని గుర్తు రాలేదు.

ఫ్యాక్టరీలో మేనేజరు గది తలుపు చూపించారు. హాలంతా మిషన్లు తొక్కుతూనే ఇటే చూస్తోంది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడి, మళ్ళీ టీ గ్లాసు దానిమీదే పెట్టుకున్నాడు. గడియారం తన గడియారం చూసుకున్నాడు.

జేబు స్క్రూడ్రైవరు తీసి తలుపు ముందు గొంతుక్కూర్చుంది. కింద బందు స్క్రూలు ఆమె చేతిలో పుచ్చుపళ్ళలా ఊడొచ్చాయి. మేనేజరు నోరు తెరిచాడు. లేడీ కానిస్టేబులు నవ్వింది. ఇన్‌స్పెక్టరు తాగబోయిన గ్లాసు మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"అబ్బో. తర్వాత?"

జేబు లేచి నిలబడింది. పై బందు నెత్తి మీద ఎక్కడో ఉంది. స్టూలు తెచ్చుకుని ఎక్కింది. ఆ స్క్రూకి రంగు పట్టుంది. స్క్రూడ్రైవరు జారింది, మళ్ళీ జారింది, వేలికి గీసుకుంది. రంగు పట్టిన స్క్రూని ముందు ఏంచెయ్యాలో కాలర్ పిన్నికి తెలుసు. తనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన పని రాలేదు.

"చాల్లే అమ్మా, దిగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, జాలిగా. ఆ జాలి ఆమెకు వేలి గాయం కంటే మండింది. "ఎవరో నేర్పించారు కిందది. పైది నేర్పలేదు. నేనన్నానా, ఇది నీవల్ల అయ్యే పని కాదు. మగాడి పని."

జేబు దిగలేదు. పైది ఎవరిదో చెప్తే అయిపోతుంది. చెప్తే కాలర్ పిన్ని ఇరుక్కుంటుంది. చెప్పకపోతే ఆ బొద్దింకలకు బెదిరే మనిషి జైలుకి పోతాడు. స్టూలు మీద నిలబడి హాలువైపు చూసింది. ఎవరినీ పిలవలేదు. వేలు నోట్లో పెట్టుకుని ఊరికే చూసింది.

ఒక మిషను ఆగింది. కాలర్ పిన్ని, నడుం పట్టుకుని, మెల్లగా లేచింది.

"దిగవే పిల్లా. అది నీ ముక్క కాదు, నాది. నా పని పాడుచేస్తున్నావ్."

స్టూలు పక్కకి తోసి, చెయ్యెత్తి, స్క్రూడ్రైవరు పిడితో స్క్రూ తల మీద టకటకా రెండు దెబ్బలు వేసింది. రంగు రాలింది. స్క్రూ తిరిగింది.

ఇంకో మిషను ఆగింది. "గొళ్ళెం నాది సార్," అంటూ కాజాల అక్క వచ్చింది.

"బండి నాది," అంది చేతుల వదిన.

"తెర నేను కుట్టా. అంచు ఎలా ఉంది సార్?" అంది ఒక మూలనుంచి ఇంకొకామె. తెర ఉతికిందీ, దుప్పటి కప్పిందీ, గడియారం రాకుండా గుమ్మం దగ్గర కాపలా కాసిందీ, వరసగా లేచారు. మిషన్లన్నీ ఆగిపోయాయి. మేనేజరు గది తలుపు నలుగురి చేతుల మీద గాల్లో పడుకుని ఉంది.

"మరి... పోయిన తలుపు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ టీ గ్లాసు కింద ఉంది సార్," అంది జేబు.

ఇన్‌స్పెక్టరు గ్లాసెత్తాడు. దుప్పటెత్తాడు. నిన్న పెట్టిన గ్లాసు మరక కూడా కనిపించింది. అంతే, ఇందాకటి అమ్మా, తల్లీ అన్నీ ఎగిరిపోయాయి.

"ఏయ్! ఆడవాళ్ళేనా మీరసలు? సంసారాలు చేసుకునేవాళ్ళేనా? మగాళ్ళంటే ఏదో చేస్తారు. మీకేం పోయేకాలం? ఇంట్లో పిల్లలకి ఇదేనా నేర్పేది? మగ దొంగ కంటే రెట్టింపు శిక్ష వెయ్యాలి మీకు!"

"సిగ్గు లేదూ?" అన్నాడు గడియారం.

లేడీ కానిస్టేబులు ముందుకొచ్చింది. "సార్, ఇందాక ఆడవాళ్ళు చెయ్యలేరన్నారు. ఇప్పుడు ఆడవాళ్ళు చెయ్యకూడదంటున్నారు. రెండింట్లో ఏదో ఒకటి తేల్చండి. అదే తలుపు మీసాలాయన తీస్తే 'ఒక్కడివే ఎత్తావా' అని ముచ్చటపడ్డారు."

"నువ్వు ఎవరి పక్షం?"

"నేనా? స్టేషన్లో నాకని కట్టిన మరుగుదొడ్డి నిండా పాత టైర్లున్నాయి సార్. బస్టాండు దాకా నడిచి వెళ్ళొస్తున్నా. నా పక్షమేదో మీరే చెప్పండి."

"అందర్నీ అరెస్టు చెయ్యండి!" అని అరిచాడు మేనేజరు.

"ఎక్కడ పెట్టను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆడవాళ్ళ లాకప్ నిండా పట్టుబడ్డ సైకిళ్ళున్నాయి."

"పైగా చొక్కాలెవరు కుడతారు?" అంది కాలర్ పిన్ని మేనేజరుతో. "నువ్వూ గడియారం కూర్చుని కుడతారా? నువ్వు కాలరు కుట్టు, అతను కాజాలు తీస్తాడు."

మేనేజరు ఆగిపోయిన మిషన్లు చూశాడు. గొంతు తగ్గించాడు. "అయినా... పోయిన తలుపు దొరికింది కదా సార్. దొరికాక కేసేముంది."

మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు అక్కణ్ణించే ఫోను చేసి మీసాల్ని వదిలేయించాడు. విడుదలైనందుకు సంతోషించాలో, అన్న పదవి పోయినందుకు ఏడవాలో తెలీక, మొహం ముడుచుకుని ఫ్యాక్టరీకొచ్చాడు. సైకిళ్ళ దొంగ వీడ్కోలు కూడా చెప్పలేదట. పైగా, "వదినని అడిగానని చెప్పు" అన్నాడట.

"నా బల్ల పోయిందా?" అన్నాడు.

"నీ బల్ల ఇంకోటి చేయిస్తాం. ముందు దాన్ని ఎత్తు," అంది జేబు.

అతను తలుపును ఒక్కడే బుజానికెత్తుకుని హాలంతా నడిచాడు. నిజంగానే ఒక్కడే. అందరూ చప్పట్లు కొట్టారు. మీసాలు మళ్ళీ లేచాయి. "చూశావా, నేను అబద్ధమేం చెప్పలేదు," అన్నాడు పెళ్ళాంతో.

తలుపు గుమ్మానికి ఆనించారు. కాలర్ పిన్ని పై బందు బిగించింది, జేబు కింద బందు బిగించింది. గడియారం తాళమూ గొళ్ళెమూ పట్టుకుని ముందుకొచ్చాడు. "ఊఁ, దీన్ని కూడా బిగించండి."

జేబు అతని చేతిలోంచి గొళ్ళెం లాక్కుంది. తాళం మాత్రం అతనికే వదిలేసింది.

"బిగిస్తాం. బయట కాదు. లోపల."

"లోపలైతే నేనెలా తియ్యాలి?"

"అదే మేం చెప్పేది," అంది కాజాల అక్క.

గడియారం మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తన గది గుమ్మం వైపు చూశాడు. దానికింకా తలుపు లేదు. ఆ తలుపు పట్టుకున్న నలుగురూ ఇంకా కింద పెట్టలేదు. మిషన్లు ఇంకా మొదలవలేదు.

"రేపు ఆలోచిద్దాం," అన్నాడు మేనేజరు.

"ఇప్పుడు," అంది జేబు, స్క్రూడ్రైవరు పట్టుకుని. "లోపలికి గడియ. బయట ఏమీ వద్దు. అడిగి వెళ్ళడం వద్దు, మళ్ళీనా అనడం వద్దు. హాల్లో తాగడానికి నీళ్ళ కుండ. స్టేషన్లో ఆ టైర్లు కూడా ఇవాళే తీయించండి ఇన్‌స్పెక్టరుగారూ, మీ మనిషి బస్టాండు దాకా నడవక్కర్లేదు. సూపర్‌వైజరుగారూ, ఆ చెవి ఇలా ఇవ్వండి. ఇప్పుడే ఇవ్వండి."